చక్కెర కాని తీపి - తల్లీబిడ్డలు

తీపి మీది మక్కువ మనకు పుట్టుకతో వచ్చినది. శిశువు తొలుత చవిచూచు చనుబాలే తీయన. అట్టి తీపిని చెరకుతోగాని తేనెతోగాని పనిలేకయే, దేహమునకు శక్తి నీయకయే కలిగింపగల పదార్థములు 19వ శతాబ్దమున వెలువడసాగినవి. అవి గర్భిణికిని బాలింతకును తగునా యను ప్రశ్న బలముగ వినవచ్చుటకు మాత్రము దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

1879లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమందు, ఐరా రెమ్సెన్ ఆచార్యుని ప్రయోగశాలలో కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్ బొగ్గుతారు నుండి లభించు పదార్థములను పరిశోధించుచుండెను. ఒకనాడు భోజనవేళ రొట్టె తీయగ తోచగా, ఆ తీపి ప్రయోగశాలలో తన చేతి కంటినదేయని ఆయన గ్రహించెనని ప్రతీతి. అదియే సాకరిన్. చక్కెరకన్న సుమారు 300 రెట్లు తీయన. దేహమున జీర్ణముగాక మూత్రముతో వెడలిపోవును. మధుమేహరోగులకది వరమైనది. మొదటి ప్రపంచయుద్ధకాలమున చక్కెర కరవుకాగా సామాన్యులును దాని నాశ్రయించిరి.

1977లో పెద్ద అలజడి పుట్టినది. కెనడాలో తల్లి ఎలుకలకును వాని పిల్లలకును ఆహారమున నూటికి 5 పాళ్లు సాకరిన్ కలిపి పెట్టగా, రెండవ తరపు మగ ఎలుకల మూత్రాశయములలో కంతులు హెచ్చుగ కానవచ్చినవి. తల్లి కడుపున నున్నప్పటి నుండియు ఆ పదార్థము సోకిన ఎలుకలవి. అమెరికా ఆహారౌషధ శాఖ నిషేధమునకు పూనుకొనెను. కాని సైక్లమేటు అను మరియొక తీపి మందును 1969లోనే నిషేధించి యుండిరి. ఇదియు పోయిన గతియేమని మధుమేహరోగులు మొరపెట్టిరి. కాంగ్రెసు నిషేధము నాపి, పొట్లముపై హెచ్చరిక నచ్చువేయవలెనని మాత్రము శాసించినది. మగ ఎలుక మూత్రముయొక్క ప్రత్యేక గుణమువలననే ఆ కంతులు పుట్టుచున్నవనియు, మానవులకది వర్తింపదనియు క్రమముగ తేలినది. 2000లో ఆ హెచ్చరికను తొలగించిరి.

అంతటితో సందేహములన్నియు తీరెనా? లేదు. సాకరిన్ మాయను దాటి పిండమును చేరును; అచ్చటినుండి మెల్లగ వెడలును. కావుననే గర్భిణులు దానిని మానుట మేలని పలువురు వైద్యులు చెప్పుచు వచ్చిరి. 1965లో జేమ్స్ ష్లాటర్ కనుగొన్న ఆస్పర్టేము గతి వేరు. దేహమున అది విడిపోయి ఫీనైల్ అలనీనును విడుచును. ఈ పదార్థమును హరించుకొనలేని జన్మవ్యాధి నొకదానిని 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ గుర్తించెను. ఆ వ్యాధిగల స్త్రీ గర్భవతియైనపుడు రక్తమున ఫీనైల్ అలనీను పెరిగినచో బిడ్డ మెదడునకును గుండెకును హాని కలుగును. అట్టివారికి ఆస్పర్టేము వర్జ్యము.

చనుబాల సంగతి యింకను ఇటీవలిది. 2015లో అమెరికాలో 20 మంది బాలింతల పాలను పరీక్షింపగా, నూటికి 65 మంది పాలలో సాకరిన్, సుక్రలోజు మున్నగునవి కానవచ్చినవి. 2010లో డెన్మార్కున 59 వేలకు పైబడిన గర్భిణుల వివరములలో, ఇట్టి తీపి పానీయములు త్రాగినవారికి నెలలు నిండక కాన్పగుట హెచ్చుగ తోచినది. 2016లో కెనడాలో 3 వేలకు పైబడిన తల్లీబిడ్డలను పరిశీలింపగా, దినదినము అవి త్రాగిన తల్లుల బిడ్డలు ఏడాదికే అధిక బరువు పొందుట రెండింతలుగ కానవచ్చినది. అయితే ఇవి పొంతనలే గాని కారణమును నిరూపింపలేదు. ముందే అధిక బరువుగల స్త్రీలే వీనిని ఎక్కువగ త్రాగుదురు గదా!

బరువు తగ్గుటకై వీనిని వాడవలదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ముందే మధుమేహమున్నవారికి ఆ సూచన వర్తింపదనియు చెప్పినది. ఈ భేదమును మనము మరువరాదు. గర్భిణి రక్తమున చక్కెర అదుపుతప్పిన బిడ్డకు కీడు కలుగునన్నది రుజువైన విషయము. ఈ తీపి మందుల కీడు ఇంకను శంకయే. కనుక మధుమేహముగల తల్లి భయముతో చక్కెరకు మరలుట తగదు. వైద్యుని యడిగి నడుచుకొనవలెను. తక్కిన తల్లులకు వీనితో పనియే లేదు. ఎలుకలపై తీర్పును సవరించుటకు శాస్త్రమునకు 23 ఏండ్లు పట్టినది. తల్లికి గల గడువు తొమ్మిది నెలలే.