మరమ్మతు దొరికే చోటే అసలు బేరం

మన ఇళ్లలో పిల్లలకు ఒక సంగతి చెప్పండి. రైతు, ఖరీఫ్, రబీ, ఫసలీ, కిస్తు, బాకీ, రసీదు, దుకాణం, మరమ్మతు... ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి తెలుగులో కలిసిపోయిన లఫ్జులు. శ్రీకాకుళం కుతుబ్‌షాహీల హుకూమత్‌లోనూ, తర్వాత నిజాం ఫౌజ్‌దార్ల చేతిలోనూ చికాకోల్ సర్కారుగా ఉన్న రోజుల్లో దఫ్తర్లలో మొదలై పొలం గట్ల దాకా నడిచొచ్చాయి. వీటిలో నాకు అన్నిటికంటే విలువైనది "మరమ్మతు". వ్యవసాయ యంత్రాల తారీఖ్ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

పాత రోజుల్లో నాగలి చేసే వడ్రంగి, కర్రు సాగదీసే కమ్మరి ఊళ్లోనే ఉండేవారు. కూలి పంట కళ్లంలో ధాన్యంగా ముట్టేది. కర్రు విరిగితే పొద్దున్నే వెళ్లి కొలిమి దగ్గర కూర్చోవడమే. చేసినవాడి ముఖమే గ్యారంటీ.

రైలు వచ్చాక ఆ రిష్తా మారింది. 1900లో పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. మన నౌపడ ఉప్పు దూర దేశాలకు వెళ్లింది, దూరపు సరుకు మన దగ్గరికి వచ్చింది. సరుకుతో పాటు దాన్ని చేసిన మనిషి మాత్రం రాలేదు.

ఈ ముష్కిల్ మనకొక్కరికే కాదు. అమెరికాలో సైరస్ మెకార్మిక్ 1831లో కోత యంత్రం నడిపి చూపాడు, 1847లో చికాగోలో కార్ఖానా పెట్టాడు. యంత్రం బాగున్నంత మాత్రాన రైతు కొనడని అతనికి తొందరగానే అర్థమైంది. అందుకే ఊరూరా ఏజెంట్లను పెట్టాడు. వాళ్లు నడపడం నేర్పేవారు, విడిభాగాలు దగ్గర ఉంచేవారు, కిస్తుల మీద ఇచ్చేవారు. డీలర్ అనే మనిషికి అలా పునాది పడింది. మన దేశంలో 1903లో లక్ష్మణ్‌రావ్ కిర్లోస్కర్ ఇనుప నాగలి చేసినప్పుడు, ఇనుము తగిలితే భూమి విషమవుతుందని రైతులు భయపడ్డారట. భయం పోగొట్టేది ప్రకటన కాదు, పక్క పొలంలో నడిచే నాగలి. 1960లో మద్రాసులో మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్లు, వ్యవసాయ పరికరాల కంపెనీ టాఫే మొదలయ్యాక కూడా రైతు ముందు అదే సవాల్: "ఆగిపోతే ఎవడొస్తాడు?"

నౌపడలో ఈ సవాల్ ఇంకా గట్టిది. సముద్రపు ఉప్పు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఏ బోల్టు ముందు పోతుందో, ఏ బేరింగుకు ఎప్పుడు గ్రీజు పెట్టాలో ఇక్కడి గాలి పీల్చిన మిస్త్రీకే తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోడ్ల మీద చెట్లు పడి, కరెంటు రోజుల తరబడి పోయింది. అలాంటి రోజుల్లో దూరపు పట్నం కౌంటర్ ఎంత సస్తాగా ఇచ్చినా ఏం ఫాయిదా?

మా ఖాలూ ఒకసారి కొన్ని వేల రూపాయలు తక్కువని దూరపు ఊళ్లో పంపుసెట్టు కొన్నారు. నాట్ల వేళ అది ఆగింది. ఫోన్‌లో "రేపు" అన్నారు, ఆ రేపు రెండు వారాలు నడిచింది. చివరికి టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక మిస్త్రీ బాగుచేశాడు. మిగిలిన డబ్బు అద్దె ఇంజనుకే సరిపోయింది.

అలాగని దగ్గరి దుకాణందారు అయినంత మాత్రాన ఇమాన్‌దార్ అని కళ్లు మూసుకోకండి. మూడు విషయాలు చూడండి. ఒకటి, విడిభాగాలు అతని బీరువాలో ఉన్నాయా, కేటలాగులోనే ఉన్నాయా? రెండు, మిస్త్రీ అతని దగ్గర పనిచేస్తాడా, పిలిస్తే వచ్చేవాడా? మూడు, పక్కా రసీదు, వారంటీ కార్డు మీద తారీఖు, ముద్ర వేసి ఇస్తాడా? ఈ మూడూ ఉంటే ధర కాస్త ఎక్కువైనా అది ఖర్చు కాదు, భరోసాకు కట్టిన జమ. బేరమాడేటప్పుడు ధరతో పాటు ఏడాదికి ఎన్ని సర్వీసులు ఉచితమో కూడా రసీదు మీద రాయించుకోండి. నాట్ల వేళ మీ ఫోన్‌కు జవాబు చెప్పే మనిషి దగ్గరే కొనండి.