జీతం, బక్షీసు - చట్టం ఏమంటుంది?

మన సంఘ కుటుంబాలలో చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు హోటలు పని చేసినవారే. చాయ్ అందించినవారు, భట్టీ ముందు నిలబడినవారు, గల్లా దగ్గర కూర్చున్నవారు అందరూ మనలో ఉన్నారు. కనుక ఈ సంగతి మనకు కొత్తది కాదు. దాని వెనుక చరిత్ర మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు.

జీతం ఆపే యజమానికి కళ్ళెం వేసింది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. 1929లో వేసిన విట్లీ కమిషను సిఫారసులు దీనికి దారి తీశాయి. వెయ్యిమంది లోపు పనివారున్న చోట గడువు దాటిన 7 రోజులలోగా, అంతకు మించితే 10 రోజులలోగా జీతం ఇవ్వాలన్నారు. జుర్మానా రూపాయికి అర్ధణా మించరాదు, అదీ పనివారి మేలుకే ఖర్చు కావాలి. అయితే అప్పట్లో అది ముఖ్యంగా ఫ్యాక్టరీలకు, రైల్వేలకే. పైగా బ్రిటిషు ఇండియా చట్టం గనుక నిజాం రాజ్యంలోని మన పెద్దలకు అక్కరకు రాలేదు.

ఇక బక్షీసు మాట. జయపురంలోని రాంబాగ్ ప్యాలెస్ హోటలు యాజమాన్యం, కార్మిక సంఘం నడుమ తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. టిప్పు ఎలాగూ ముడుతోంది కదా, జీతం పెంపులో దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని యాజమాన్యం వాదన. ఎంత తెలివైన లెక్క! 1976లో జస్టిస్ కృష్ణయ్యర్ దానిని ఒప్పుకోలేదు. ఆ డబ్బు గిరాకీ ఇచ్చినది, హోటలు వసూలు చేసి పంచిపెడుతుంది, అంతేనన్నారు.

తర్వాత ఆదాయపు పన్ను శాఖ వచ్చింది. కార్డు మీద వచ్చిన టిప్పును హోటలు పంచితే అదీ జీతమే, పన్ను పట్టుకొని కట్టాలన్నది. ఢిల్లీ హైకోర్టు 2011లో సరేనన్నది. ఐ.టి.సి. కేసులో సుప్రీంకోర్టు 2016లో ఆ తీర్పును కొట్టివేసింది. హోటలు దగ్గర ఆ సొమ్ము అమానతుగా ఉంటుందే గాని అది జీతం కాదన్నది. అమానతు అన్నాక మనం సంతోషించాలి గదా! కాని అదే తీర్పులో మరో మాట ఉంది: టిప్పు గిరాకీ ఇష్టం, దాన్ని జీతంలా హక్కుగా యజమానిని అడగడానికి లేదు. ఈ చిక్కు ఇంకా తేలలేదు. బ్రిటనులోనైతే టిప్పు మొత్తం పనివారికే పంచాలన్న 2023 చట్టం 2024 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది.

మన దేశంలో 1936 చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులో టిప్పు ఊసు లేదు గాని, ఎగవేసిన జీతం విషయంలో పనివాడికి బలం పెరిగింది. నెలకు 24,000 రూపాయలన్న పాత పరిమితి పోయింది. పని మానినా, మాన్పించినా రెండు పనిదినాలలో బాకీ తీర్చాలి. దావాకు పూర్వం ఏడాది గడువు, ఇప్పుడు మూడేళ్ళు. అన్నిటికన్నా పెద్ద మార్పు, జీతం ఇచ్చేశానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. వేతన చీటీ ఇవ్వడమూ అతని బాధ్యతే. మన పిల్లలు ఆ చీటీలు నెలనెలా అడిగి తీసుకొని, ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచుకోవాలి.