మా ఇంటి కంప్యూటరుకు ఏలిక ఎవరు?

2025 దసరా సెలవులకు మా మనుమడు నారాయణఖేడ్ వచ్చినప్పుడు మా ఇంట ఒక చిన్న వివాదం పొడసూపింది. నేను 2017లో ఉద్యోగ విరమణ చేసినప్పుడు కొన్న కంప్యూటరులో విండోస్ 10 ఉంది. ఆ యేడు అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్టు వారి సాధారణ సంరక్షణ ముగిసిపోతుందనీ, విండోస్ 11 వేద్దామంటే ఈ యంత్రపు ప్రాసెసరు వారి ఆమోదిత పట్టికలో లేదనీ మనుమడు తేల్చి చెప్పాడు. "కొత్తది కొందాం తాతా, ఆటలు కూడా బాగా నడుస్తాయి" అన్నది వాడి పక్షం. ఏ లోపమూ లేక పనిచేస్తున్న వస్తువును పారవేయడం నా చేత కాదు. అసలు ఈ 'ఆపరేటింగ్ సిస్టం' అన్నది ఏమిటి, దేనిని ఎంచుకోవాలి అన్న విచారణ అలా మొదలైంది.

తెలుగు పండితునికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. కారణముంది, చివర మనవి చేస్తాను.

ఆపరేటింగ్ సిస్టమును నేను పాతకాలపు పట్వారీతో పోల్చుకుంటాను. ఏ భూమి ఎవరి అధీనంలో ఉంది, ఏ నీరు ఎవరి వంతు అన్న లెక్క అతని దస్త్రంలో ఉండేది. కంప్యూటరులోనూ ఏ ఉపకరణికి ఎంత జ్ఞాపకస్థలం ఇవ్వాలి, మీట నొక్కితే ఆ సంగతి ఎవరికి చేరవేయాలి అని నిర్ణయించేది ఇదే. దస్త్రం ఏ భాషలో ఉందన్న ప్రశ్న మా ప్రాంతం వారికి కొత్త కాదు. నిజాము కాలంలో రాజభాష ఉర్దూ. ఇక్కడి ఇళ్ళలోనేమో తెలుగు, కన్నడం, మరాఠీ. తన భూమి కాగితాన్ని తాను చదువుకోలేని రైతు కష్టం మా పెద్దలు అనుభవించినదే. కంప్యూటరు వచ్చిన కొత్తలో తెలుగువాడి స్థితీ అటువంటిదే.

ఈ చరిత్రలో 1991 చిత్రమైన సంవత్సరం. భారతీయ లిపులకు 'ఇస్కీ' అనే సంకేత విధానాన్ని మన ప్రమాణాల సంస్థ ఆమోదించింది ఆ యేడే. ప్రపంచ లిపులన్నింటినీ ఒక్క పట్టికలోకి తెచ్చే యూనికోడ్ తొలి ప్రచురణ, అందులో తెలుగుకు స్థానం, ఆ యేడే. ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్సును ప్రకటించినదీ ఆ యేడు ఆగస్టులోనే. అంతకు ముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును నిర్మిస్తానని గ్నూ ప్రణాళికను ప్రకటించి ఉన్నాడు. ఆ రెండూ కలిసినదే నేడు మనం లినక్సు అని పిలిచే వ్యవస్థ.

పట్టికలో చోటు దొరకగానే అక్షరం తెరపైకి రాదు. 'క్షే' అన్న ఒక్క అక్షరానికి యూనికోడులో నాలుగు సంకేతాలు: కకారం, పొల్లు, షకారం, ఏత్వం. వాటిని గుణింతమూ వొత్తూ తెలిసిన లేఖకుని వలె కూర్చి చూపవలసిన భారం ఆపరేటింగ్ సిస్టముదే. విండోస్ 98కు ఆ విద్య లేదు. విండోస్ 2000 దేవనాగరికి, తమిళానికి ఆ మర్యాద చేసింది కాని తెలుగుకు చేయలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో, 'గౌతమి' అనే ఖతితో, మనకు ఆ భాగ్యం కలిగింది. అదీ అడిగి తీసుకోవలసిన భాగ్యమే. కంట్రోల్ ప్యానెలులోకి వెళ్ళి సంకీర్ణ లిపుల గడిలో టిక్కు పెట్టి, స్థాపక సీడీ వేయాలి. ఆ సీడీ లేనివారికి తెలుగు సరిగా కూడి వచ్చేది కాదు. విస్తా నుండి మాత్రమే అడగకుండా తెలుగు కనిపించసాగింది.

లినక్సు వైపు కథ వేరు. అక్కడ ఏ కంపెనీ దయ కొరకూ ఎదురు చూడనక్కరలేదు. పని తెలిసినవాడు పూనుకుంటే చాలు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' బృందం వారు 2000 దశకంలో డెబియన్ ఆధారంగా మెనూలు, సందేశాలు తెలుగులో ఉండే వ్యవస్థను రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఖతులను ఉచితంగా అందించారు. ఇటీవలి కాలంలో సురవరం, గిడుగు, మండలి వంటి ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఒక ఖతికి ఉండడం నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించి జవాబిచ్చారు. లేదన్నవానితో వాదులాడక తెచ్చి చూపడం ఆయన పద్ధతి.

ఇక ఆటల సంగతి. సాలిటేర్ విండోస్ 3.0తో 1990లోనే వచ్చింది. మౌసు పట్టడం చేతకాని గుమాస్తాలెందరో దానితోనే చేయి తిప్పడం నేర్చారు. నేనూ అంతే. అయితే పెద్ద ఆటలన్నీ విండోస్ కొరకే తయారవుతూ రావడం వల్ల, ఆటలు కావాలంటే విండోసే అన్నది చాలాకాలం కాదనలేని మాట. 1993లో మొదలైన 'వైన్' అనే సాధనం విండోస్ ఉపకరణులను లినక్సుపై నడిపించే ప్రయత్నం చేసింది. 2018లో వాల్వ్ సంస్థ దానినే మెరుగుపరచి 'ప్రోటాన్' పేరుతో తన స్టీమ్ అంగడిలో చేర్చింది. 2022లో వచ్చిన వారి చేతి ఆటయంత్రం స్టీమ్ డెక్ నడిచేది లినక్సు మీదనే. ఈనాడు ఒంటరిగా ఆడుకునే ఆటలు అనేకం లినక్సుపై చక్కగా నడుస్తాయి. అంతర్జాలంలో పదిమందితో కలిసి ఆడే ఆటలు కొన్ని మాత్రం నడవవు. మోసగాళ్ళను పట్టడానికి అవి పెట్టుకున్న కావలివాడు విండోస్ గర్భంలో కూర్చుంటాడు. లినక్సులో వాడికి పీట లేదు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ ఈ జాతివి. మా మనుమడు ఆడేవాటిలో ఇటువంటిది ఒకటుంది.

ఇప్పుడు నా కారణం. 1999లో మా చుట్టుపక్కల గ్రామాలు తిరిగి, వ్యవసాయానికి, వంటకు, పెళ్ళిళ్ళకు సంబంధించిన మాటలు రెండు నోటు పుస్తకాల నిండా సేకరించాను. పట్నంలో ఒక డీటీపీ దుకాణంలో అచ్చు తీయించాను. ఒక కాగితపు ప్రతి, ఒక ఫ్లాపీ నాకిచ్చారు. నోటు పుస్తకాలు అక్కడే పోయాయి. తర్వాత కాగితపు ప్రతిలో నాలుగు పుటలు చెదలు తిన్నాయి. ఆ మాటలు చెప్పిన ముసలివాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు. ఫ్లాపీలోని దస్త్రాన్ని ముందుజాగ్రత్తగా సీడీలోకి ఎక్కించుకున్నాను గాని, తెరచి చూస్తే అన్నీ పిచ్చి గుర్తులు. ఆనాటి ఖతిలో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు సంకేతాల వెనుక దాచారు. ఆ ఖతి నావద్ద లేదు. ఏ ఆపరేటింగ్ సిస్టము తెరచినా అవే గుర్తులు.

సెలవులలో ఒక రాత్రి ఈ సంగతి విని మనుమడు, "మిగిలిన పుటలు ఉన్నాయి గదా తాతా, వాటితో సరిచూద్దాం" అన్నాడు. బ్రాహ్మీ లిపిని చదివిన ప్రిన్సెప్ కథ నేను ఎన్నిసార్లు పాఠం చెప్పానో! ఆ బుద్ధి నాకు తోచలేదు. చెడని పుటను ఒక పక్క, పిచ్చి గుర్తులను మరో పక్క పెట్టుకుని, ఏ గుర్తుకు ఏ అక్షరమో నేను చెప్పాను, వాడు పట్టిక రాశాడు. ఆటలు మానుకుని మూడు రోజులు కూర్చున్నాడు. తలకట్లు, వొత్తులు వేరువేరు గుర్తులు కావడంతో చాలాచోట్ల చిక్కుపడ్డాం. చివరికి ఆ నాలుగు పుటలూ యూనికోడులోకి వచ్చాయి. వాటిలో మా అమ్మ చెప్పిన మాటలు కూడా ఉన్నాయి.

దానితో మా వివాదమూ తీరింది. ముఖ్యమైనవన్నీ వేరే డ్రైవులో భద్రపరచి, డిస్కును రెండు భాగాలు చేసి ఒకవైపు లినక్సు వేశాం. నా రచన, ఉత్తరాలు, పింఛను, బ్యాంకు పనులు అందులో. రెండోవైపు విండోస్ 10ని ఆ ఒక్క ఆట కొరకు ఉంచి, నమోదు చేసుకున్నవారికి 2026 అక్టోబరు వరకు ఇచ్చే అదనపు సంరక్షణకు పేరు రాయించాం. ఆ పక్క బ్యాంకు పనులు చేయరాదని నియమం. గడువు తీరాక ఆ ఆట సంగతి వాడే తేల్చుకుంటానన్నాడు. ఇన్‌స్క్రిప్టు మీటలు రెండు చోట్లా ఒకటే కనుక నా వేళ్ళకు కొత్త శ్రమ లేదు.

ఏది మంచిదని నన్నడిగితే, ముందు మీ పనులు రాసుకోండి, ఆ తర్వాత వ్యవస్థను ఎంచుకోండి అంటాను. ఆటే ప్రధానమైతే ఆ ఆట దేనిపై నడుస్తుందో చూసుకోండి. రాతే ప్రధానమైతే, రేపు ఈ వ్యవస్థను వదిలి వెళ్ళవలసి వస్తే మీ రాత మీ వెంట వస్తుందా అని అడగండి. ఏలికలు మారుతూనే ఉంటారు. మీ ఇంట ఇటువంటి పాత సీడీలు, ఫ్లాపీలు ఉంటే వాటి కాగితపు ప్రతులు చెదల పాలు కాకముందే ఒకసారి తెరచి చూడండి.