గ్రీన్ టీ: మొక్క ఒకటే, పనితనం వేరు

చైనాలోని జెజియాంగ్ ప్రావిన్స్‌లో, హాంగ్‌జౌ నగరపు పశ్చిమ సరస్సు చుట్టూ ఉన్న కొండల్లో ‘లాంగ్‌జింగ్’ అనే గ్రీన్ టీ తయారవుతుంది. ఆ మాటకు ‘డ్రాగన్ బావి’ అని అర్థం. ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన లేత చిగుళ్లకు విలువ ఎక్కువ.

తేయాకును కోసి నలిపి వదిలేస్తే అందులోని ఎంజైముల వల్ల నల్లబడుతుంది. లాంగ్‌జింగ్ పనివారు చిగుళ్లను కాసేపు ఆరబెట్టి, వేడి బాణలిలో అరచేత్తో అదుముతూ వేయిస్తారు. ఆ వేడికి ఎంజైములు పనిచేయడం మానేస్తాయి. అందుకే ఆకు పచ్చదనం పోదు. అదమడం వల్ల బల్లపరుపుగా తయారవుతుంది. వేయించిన గింజల వాసన, కొద్దిపాటి తీపి దీని ప్రత్యేకత.

ఈ రహస్యం యూరప్‌కు చాలాకాలం తెలియదు. 1762లో లిన్నేయస్ గ్రీన్ టీ, బ్లాక్ టీ వేర్వేరు మొక్కల నుంచి వస్తాయని భావించి రెండు పేర్లు పెట్టాడు. 1843లో చైనా వెళ్లిన స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్, తేడా తయారీలోనే ఉందని గ్రహించాడు. 1848లో ఈస్టిండియా కంపెనీ అతణ్ణి మళ్లీ అక్కడికి పంపింది. 1851లో అతడు నేటి ఉత్తరాఖండ్ ప్రాంతంలోని కంపెనీ తోటలకు మొక్కలతోపాటు చైనా పనివారినీ తెచ్చాడు. మొక్క ఉంటే చాలదు, చేతి నేర్పు కూడా కావాలని కంపెనీకి అర్థమైంది.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. పాఠ్యపుస్తకాల్లో ఫార్చ్యూన్ పేరు కనిపిస్తుంది. ఆ పనివారి పేర్లు కనిపించవు. 2022లో యునెస్కో చైనా సంప్రదాయ తేయాకు తయారీ పద్ధతులను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. తరతరాలుగా నేర్పును కాపాడిన అలాంటి చేతులకు దక్కిన గుర్తింపు అది.