చైనీయుల వానకోయిల

హుగ్లీనది పశ్చిమతీరమున, హౌరా నగరపు దక్షిణభాగమున షాలిమార్ కలదు. దానికి చేరువనే 1787లో స్థాపింపబడిన శిబపూర్ వృక్షోద్యానము నది వెంట వ్యాపించియున్నది. చలికాలమున ఈ తీరములందు, నీటికి చేరువగా ఎగురుచు పురుగులను పట్టుకొను చీలికతోక చిన్నపక్షి కానవచ్చును. హిందీలో దానిని అబాబీల్ అందురు. తెలుగువారు వానకోయిల యందురు. మన భాష ఈ పక్షిని వానతో ముడివేసినది. చైనీయభాష వసంతముతో ముడివేసినది.

ఈ భేదమునకు మూలము పక్షి ప్రయాణములోనే యున్నది. చైనాలో గూళ్లుకట్టు వానకోయిలలు చలి రాకమునుపే దక్షిణమునకు తరలి, భారతదేశము మొదలు ఇండొనీషియా వరకు గల వెచ్చని నేలలపై శీతకాలము గడపును. వంగభూమికి అది అతిథి. చైనాకు ఇల్లుచేరు బిడ్డ.

చైనీయభాషలో దాని పేరు 'యెన్'. మూడువేల యేండ్లనాడు ఎముకలపై చెక్కిన లిపిలో ఈ అక్షరము పక్షిబొమ్మయే: తెరచిన ముక్కు, చాచిన రెక్కలు, చీలిన తోక. అక్షరముల అడుగున నుండు నాలుగు చుక్కలు సాధారణముగా నిప్పునకు గుర్తు. ఈ అక్షరమున మాత్రము అవి ఆ తోక శేషములు. ఇదే అక్షరము స్వరభేదముతో ఉత్తరదేశమందలి ఒక ప్రాచీనరాజ్యమునకు పేరైనది. బీజింగునకు యెన్‌జింగ్ అను పాతపేరు అందుండియే వచ్చినది.

షాంగ్ రాజవంశపు పుట్టుక కథలో జ్యెన్ దీ అను స్త్రీ 'నల్లపక్షి' గ్రుడ్డును మ్రింగి వంశకర్తను కన్నది. ఆ పక్షి వానకోయిలయే యని వ్యాఖ్యాతలు చెప్పిరి. నడివసంతమున ఆ పక్షి వచ్చిన దినమున రాజు సంతానదేవతకు బలి నర్పించవలెనని ప్రాచీన విధిగ్రంథములు శాసించినవి. క్రమముగా అది సామాన్యుని చూరు క్రిందికిని శుభమును తెచ్చు పక్షి యైనది. దాని గూటిని పడగొట్టుట అశుభము.

తాంగ్ యుగకవి ల్యూ యూషీ (772–842) ఈ నమ్మకమునకు చరిత్రదృష్టిని జోడించెను. ఒకప్పుడు మహాకుటుంబముల సౌధములందు మసలిన వానకోయిలలు, ఆ కుటుంబములు అంతరించిన పిదప, నాన్‌జింగ్ వీథిలోని సామాన్యుల యిండ్లలో ప్రవేశించుటను ఆతడు వర్ణించెను. పక్షి యెరిగినది స్థలమునే గాని సంపదను కాదు.

షాలిమారునకు దిగువన, అదే నది తూర్పుగట్టున, ఆచిపూర్ కలదు. వారెన్ హేస్టింగ్సు నుండి భూమి పొంది అచ్చట చక్కెర మిల్లు నెలకొల్పిన టాంగ్ ఆచ్యూ 1783లో మరణించెను. గుఱ్ఱపునాడా ఆకారమున ఆతని ఎఱ్ఱని సమాధి నదియొడ్డున నున్నది. టిరెట్టా బజారు, టాంగ్రా ప్రాంతముల చైనీయులు ఏటేట నూతనసంవత్సర దినములలో అచ్చటికి పోయి ధూపము వేయుదురు. ఆ పండుగకు వసంతోత్సవమని పేరు. అది జనవరి, ఫిబ్రవరి మాసములలో వచ్చును. వసంతదూతయైన పక్షి యప్పటికింకను చైనాకు మరలిపోదు, వంగతీరముననే యుండును.

ఆ పక్షి ఇచ్చట గూడు కట్టదు. గూడు కట్టినవారు ఆ మనుష్యులు. అయినను 1962 యుద్ధకాలమున అస్సాము, ఉత్తరవంగము మొదలగు చోట్ల నుండి సుమారు 3,000 మంది చైనీయ సంతతివారిని రాజస్థానమందలి దేవ్‌లీ శిబిరమునకు తరలించిరి. వారిలో పెక్కురు ఈ నేలపై పుట్టినవారే. తరువాతి దశాబ్దములలో కలకత్తా చైనీయులనేకులు కెనడా మొదలగు దేశములకు వలసపోయిరి. పుట్టిన యింటికి మరలివచ్చు పక్షిని కొలిచిన జాతివారికి, పుట్టిన యిల్లే పరాయిదైనది. మిగిలినవారు నేటికిని ఆచిపూరునకు పోవుచున్నారు.