బీదల వైద్యశాలయు, గడ్డిభూముల పునరుద్ధరణమును

దిక్కులేని రోగిని ఆదరించుట, దున్నని నేలను కాపాడుట అను రెండు కార్యములకు పైకి సంబంధము కానరాదు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములందలి ఇల్లినాయ్ రాష్ట్రమున ఈ రెంటి చరిత్రయు ఒక్కచోట కలిసినది. చికాగో నగరమునకు దక్షిణముగా నున్న ఓక్ ఫారెస్టు అను ఊరే ఆ చోటు.

బీదల పోషణకు చట్టరూపమిచ్చిన దేశములలో ఇంగ్లండు ముఖ్యమైనది. 1601వ సంవత్సరపు శాసనము ప్రకారము ప్రతి గ్రామమును తన బీదలను తానే పోషింపవలెను. అందులకు ఆస్తిపరులనుండి పన్ను వసూలు చేయవలెను. 1834 నాటి సవరణతో ఈ విధానము కఠినమయ్యెను. సహాయము కోరినవారు పనిగృహములలో చేరవలెననియు, అందలి జీవనము వెలుపలి కడుపేద కూలివాని జీవనముకంటె మెఱుగుగా నుండరాదనియు పాలకులు తలంచిరి. సోమరులను బెదరింప నెంచి కట్టిన ఆ గృహములు వృద్ధులతోను, రోగులతోను, అనాథ శిశువులతోను నిండిపోయెను. రోగిని బెదరించి రోగమును మాన్పుట సాధ్యము కాదు గదా! 1867లో చేసిన చట్టము వలన లండను నగరమున బీదల కొఱకు పనిగృహములనుండి వేఱుపడిన వైద్యశాలలు ఏర్పడసాగెను. 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైనప్పుడు ఆ పాత భవనములనేకము సర్వజనుల ఆసుపత్రులుగా మాఱెను.

వలస వెళ్లినవారితోపాటు ఈ పద్ధతియు అమెరికాకు చేరెను. చికాగో నగరము కుక్ కౌంటీలోనిది. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఆ కౌంటీవారు 19వ శతాబ్ది మధ్యకాలమున నగరమునకు వాయవ్యమున బీదల వ్యవసాయక్షేత్రమును నెలకొల్పిరి. తరువాత ఆ చోటికి డన్నింగ్ అను పేరు వచ్చెను. శక్తిగల ఆశ్రితులు పొలమున పనిచేయుదురు. 1870లో దానిచెంత ఉన్మాదుల చికిత్సాలయము వెలసెను. 1910లో బీదల ఆశ్రయమును ఓక్ ఫారెస్టుకు తరలించిరి. అచ్చట వృద్ధులకును, క్షయరోగులకును, దీర్ఘవ్యాధిగ్రస్తులకును వసతి కల్పించిరి. ఆశ్రయము క్రమముగా ఆసుపత్రియై, 2011 వరకు రోగులను చేర్చుకొనుచుండెను.

ఈ సంస్థలు వెలసిన నేల యొకప్పుడు మనిషియెత్తు గడ్డితో నిండియుండెడిది. ఇల్లినాయ్ రాష్ట్రమున అట్టి గడ్డిభూమి సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరములు. అందు కొన్ని మొక్కల వేళ్లు పది అడుగులకు మించి దిగును. కనుక మంట పైరొమ్మును కాల్చినను దుంప చావదు. 1837లో జాన్ డీర్ అను కమ్మరి ఉక్కునాగలిని చేసెను. జిగట నల్లరేగడిని అది సులువుగా చీల్చెను. తరువాతి కొలది దశాబ్దములలోనే ఆ గడ్డిభూమి మొక్కజొన్న చేలుగా మాఱెను. నేడు చెడక మిగిలినది పదివేలలో ఒక పాలు మాత్రమే.

ఆ పాలు ఎచ్చట మిగిలెను? నాగలి పోని రైలుకట్టల ప్రక్కను, తొలి వలసదారుల శ్మశానములందును. రాబర్ట్ బెట్జ్ అను శాస్త్రజ్ఞుడు అట్టి మూలలను వెదకి గుర్తించెను. 1975లో ఫెర్మీ పరిశోధనశాల ఆవరణమున ఆయన కొలది ఎకరములతో గడ్డిభూమి పునరుద్ధరణ మారంభించెను. జనులు స్వచ్ఛందముగా వచ్చి విత్తనములేరిరి. చల్లినంతమాత్రమున పని తీరదు. పొదలను నఱకవలెను, పరాయి మొక్కలను పీకవలెను, తగిన ఋతువున నిప్పు పెట్టి కాల్చవలెను. ఏండ్ల తరబడి సాగవలసిన సేవ అది. ఓక్ ఫారెస్టునందును ఆసుపత్రి భూములలో కొంతభాగము నేడు సంరక్షిత ప్రదేశమై, గడ్డిని, వనమును బాగుచేయు పనికి నెలవైనది. బీదల శ్మశానవాటికయు అందే కలదు.

డన్నింగ్ సంగతి వేఱు. 1989లో అచ్చట ఇండ్లు కట్టుటకు త్రవ్వగా మానవ కళేబరములు బయటపడెను. సుమారు 38,000 మంది అందు ఖననమైయుందురని అంచనా వేసిరి. జనులు మఱచిన ఆ చోట పిమ్మట స్మారకవనము నేర్పఱచిరి. పాత పుస్తకములను, మరణపత్రములను గాలించి కొందఱు శ్రమించి వేలకొలది పేర్లను మరల కూర్చిరి. తక్కినవారి పేర్లు దొరకలేదు.

ఎవరును లెక్కింపని మూలలో మిగిలిన విత్తనము వలన గడ్డి మరల మొలచెను. ఎవరును తెఱవని బీరువాలో మిగిలిన కాగితము వలన కొందఱి పేర్లు మరల వెలుగు చూచెను. మిగిలినది లేనిచోట ఎంతటి ధనమును ఎంతటి పశ్చాత్తాపమును పనికిరావు. కావున రోగికి మందు నిచ్చునాడే వాని పేరును వ్రాసి ఉంచవలెను; నేలను దున్నునాడే యొక మూలను విడువవలెను; వ్రాసిన పుస్తకమును చెదలు తినకుండ కాపాడవలెను. ఈ మూడవ పని గ్రంథాలయములది.