బిల్ గేట్స్ బూట్లు కొన్న కథ

పోయిన నెల నేనో ఘనకార్యం చేశాను. మా టీం ఒక క్లయింటుకి చేసిపెట్టిన అప్లికేషన్ కొత్త రిలీజు వెళ్ళి అప్పటికి మూడు వారాలు. ఆ మూడు వారాలూ వాళ్ళ దగ్గర్నుంచి తిట్లే తిట్లు. స్క్రీన్లు తెరుచుకోవట్లేదని, రిపోర్టులు సగంలో ఆగిపోతున్నాయని. కాస్త వాతావరణం తేలికపరుద్దామని ఆ వారం స్టేటస్ మెయిల్లో పైన ఓ తాబేలు బొమ్మ పెట్టి, కింద మా రిపోర్టు స్పీడు మీద మేమే ఓ జోకేసుకున్నాం. మేమే అంటే నేనే :) జోకు బాగానే ఉందండీ, ఇప్పటికీ నా నమ్మకం అదే. అవతల నుంచి మాత్రం ఒకే ఒక్క వాక్యం వచ్చింది.. "ముందు రిపోర్టు వచ్చేలా చూడండి, తర్వాత తీరిగ్గా నవ్వుకుందాం".

మా లీడ్ ఆ మెయిల్ చూసి తిట్టలేదు. (వయసులో పదిహేనేళ్ళు పెద్దాయన, మేమంతా అన్నా అనే పిలుస్తాం.) కుర్చీ ఇటు తిప్పి, "తమ్ముడూ, నువ్వు సైన్‌ఫెల్డ్ యాడ్ తీశావురా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. 2008లో నేను ఆరో తరగతి మరి. ఆయన అప్పుడు అమెరికాలో ఆన్‌సైట్లో ఉన్నాడట, టీవీలో చూశాడట. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఆ యాడ్లు చూశాను. చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ఏడాది ఏం జరిగిందో వరుసగా చదువుకుంటూ పోయాను. ఆ కథే ఇది.

జెర్రీ సైన్‌ఫెల్డ్ గురించి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. 1989 నుంచి 1998 దాకా అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో ఆయన పేరు మీదే ఒక కామెడీ సీరియల్ వచ్చింది. కథంటూ ఏమీ లేని కథ అని దానికి పేరు. తమాషా ఏంటంటే, ఆ సీరియల్లో ఆయన ఇంట్లో బల్ల మీద కనిపించే కంప్యూటర్ ఆపిల్ వాళ్ళది. 1998లో సీరియల్ ఆఖరి భాగం వచ్చిన రోజు ఆపిల్ వాళ్ళు తమ 'థింక్ డిఫరెంట్' యాడ్ చివర ఆయన బొమ్మే పెట్టి వేశారు కూడా. సరిగ్గా పదేళ్ళకి మైక్రోసాఫ్ట్ అదే మనిషిని తెచ్చుకుంది. ప్రచారం మొత్తానికి 30 కోట్ల డాలర్లు, అందులో సైన్‌ఫెల్డ్‌కి కోటి డాలర్లు అని అప్పటి పత్రికలు రాశాయి.

మొదటి యాడ్ 2008 సెప్టెంబర్ 4న వచ్చింది. నిమిషంన్నర ఉంటుంది. ఓ మాల్లో చవక బూట్ల కొట్టు, పేరు 'షూ సర్కస్'. లోపల బిల్ గేట్స్ బూట్లు వేసుకుని చూసుకుంటుంటాడు. బయట నుంచి వెళ్తున్న సైన్‌ఫెల్డ్ చూసి లోపలికొచ్చి, సేల్స్‌మాన్‌ని పక్కకి తప్పించి, తనే ఆయనకి బూట్లు తొడుగుతాడు. మధ్యలో బట్టలతోనే స్నానం చేయడం గురించి కబుర్లు. కొట్టువాళ్ళ సభ్యత్వ కార్డు మీద గేట్స్ ఫొటో ఎక్కడిదో తెలుసా? 1977లో ఆల్బకర్కీలో ట్రాఫిక్ కేసులో పోలీసులు తీసిన ఫొటో! చివర్లో సైన్‌ఫెల్డ్ అడుగుతాడు.. ఎప్పటికైనా కేకులా మెత్తగా నమిలి తినగలిగే కంప్యూటర్లు తెస్తారా, అవునైతే ఓ సైగ చెయ్యి, నిక్కరు సర్దుకో అని. గేట్స్ నడుము అలా ఓసారి ఊపుతాడు. అంతే, అయిపోయింది. కంప్యూటర్ లేదు, విండోస్ లేదు, విస్టా అన్న మాటే లేదు.

జనం బుర్ర గోక్కున్నారు. ఇంతకీ వీళ్ళు అమ్ముతున్నది ఏంటి, బూట్లా అని. ఇది ఉత్త పరిచయం మాత్రమే, బిగుసుకున్న వాతావరణాన్ని సడలించడానికే అని కంపెనీ వాళ్ళు సర్దిచెప్పుకున్నారు (నా తాబేలు బొమ్మ లాగన్నమాట). సరిగ్గా వారానికి రెండోది వచ్చింది, నాలుగున్నర నిమిషాలు. మనిద్దరం మామూలు జనానికి దూరమైపోయాం అనుకుని, గేట్స్, సైన్‌ఫెల్డ్ ఓ మధ్యతరగతి కుటుంబం ఇంట్లో అద్దెకు దిగుతారు. చివరికి ఓ తోలు జిరాఫీ బొమ్మ గొడవలో ఇంట్లోంచి గెంటించుకుంటారు. ఇది కొంతమందికి నచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది, రెండుసార్లు చూశాను. కానీ సెప్టెంబర్ 18కల్లా ఈ జంట తెర మీద నుంచి మాయం. ముందు నుంచీ అనుకున్నదే ఇలా అని కంపెనీ అంది. జనం మాత్రం తిట్లకి భయపడి తీసేశారనే అనుకున్నారు.

ఇక్కడే నాకో అనుమానం వచ్చింది. యాడ్ మరీ అంత చెత్తగా లేదే, మరి జనానికి అంత మంట ఎందుకు? వెనక్కి వెళ్ళి చూస్తే తెలిసింది, ఆ మంట యాడ్‌తో పుట్టింది కాదు.

2001 అక్టోబర్లో ఎక్స్‌పీ వచ్చింది. తర్వాతి విండోస్ అందరి చేతికీ అందడానికి 2007 జనవరి 30 దాకా ఆగాల్సొచ్చింది. అయిదేళ్ళ పైన ఆగి తెరిచి చూస్తే విస్టా. డ్రైవర్ల పద్ధతి మార్చేశారు, కార్డుల కంపెనీలు సమయానికి సిద్ధం కాలేదు. ఒక దశలో నమోదైన విస్టా క్రాషుల్లో పావు వంతు పైనే ఎన్విడియా డ్రైవర్ల వల్ల అని తర్వాత బయటపడ్డ లెక్కల్లో తేలింది. ఏ పని మొదలెట్టినా 'అనుమతిస్తారా?' అని అడిగే కిటికీ ఒకటి. దాని మీద ఆపిల్ వాళ్ళు 2007లోనే యాడ్ తీసి ఆడుకున్నారు. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ 'విస్టా కేపబుల్' స్టిక్కర్. ఆ స్టిక్కర్ చూసి కొన్న మెషీన్లలో చాలావాటికి విస్టాలో అడుగు రకం మాత్రమే నడిచే శక్తి ఉంది, ప్రకటనల్లో చూపించిన అద్దాల సోకులు వాటిలో రావు. జనం కోర్టుకెక్కారు. 2008 ఫిబ్రవరిలో కంపెనీ లోపలి మెయిళ్ళు బయటికొచ్చాయి. మైక్ నాష్ అనే వాళ్ళ సొంత పెద్ద మేనేజరే 2,100 డాలర్లు పోసి ల్యాప్‌టాప్ కొంటే అది మెయిల్ చూసుకోవడానికి తప్ప పనికి రావట్లేదని రాసుకున్నాడు! మరోపక్క ఎక్స్‌పీని అమ్మకాల్లో ఉంచండి మహాప్రభో అని రెండు లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. అయినా 2008 జూన్ 30తో కొట్లకి ఎక్స్‌పీ పంపడం ఆపేశారు.

ఇదీ సెప్టెంబర్ 4 నాటికి పరిస్థితి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ సామెతలో చుట్ట తప్పేమీ లేదు, అడిగిన వేళ తప్పు. పైగా రెండో యాడు వచ్చిన నాలుగు రోజులకే లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. జనం ఉద్యోగాల గురించి బెంగపడుతుంటే, ప్రపంచంలోకెల్లా ధనవంతుల్లో ఒకాయన చవక బూట్లు బేరం చేస్తూ టీవీలో కనపడితే నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నా మాట నమ్మకపోతే 1995 చూడండి. విండోస్ 95కి కూడా ఇంచుమించు ఇంతే ఖర్చు, 30 కోట్ల డాలర్లనే అప్పుడూ రాశారు. రోలింగ్ స్టోన్స్ పాట, వేదిక మీద జే లెనో. 'ఫ్రెండ్స్' సీరియల్ నటులు మాథ్యూ పెర్రీ, జెన్నిఫర్ ఆనిస్టన్‌లతో గంటసేపు వీడియో ఒకటి తీశారు. అది షూ సర్కస్ కంటే పది రెట్లు వెర్రిగా ఉంటుంది. అయినా జనం అర్ధరాత్రి కొట్ల ముందు వరసలు కట్టారు. ఎందుకంటే వాళ్ళకి ఆ సరుకు కావాలి. సరుకు మీద మోజుంటే వెర్రి కూడా ముద్దొస్తుంది.

సైన్‌ఫెల్డ్ పోయిన రోజే 'ఐయామ్ ఎ పీసీ' యాడ్లు మొదలయ్యాయి. ఆపిల్ యాడ్లలో పీసీ వేషం వేసిన ఆయన పోలికలతోనే ఉన్న ఓ మైక్రోసాఫ్ట్ ఇంజనీరు, మామూలు ఉద్యోగులు, టీచర్లు.. మధ్యలో ఎవా లొంగోరియా, దీపక్ చోప్రా లాంటివాళ్ళు. వీటిని జనం కొంచెం నయంగానే చూశారు. కానీ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఫొటోల మెటాడేటా ఎవరో తెరిచి చూస్తే అవి మాక్‌లో తయారైనవని తేలింది :) అక్టోబర్లో ఆపిల్ వాళ్ళు అసలు దెబ్బ కొట్టారు. పీసీ వేషం ఆయన ముందు డబ్బు కట్టలు, రెండు కుప్పలు వేస్తుంటాడు. ఒకటి ప్రకటనలకి, ఒకటి విస్టా బాగుచేతకి. రెండో కుప్ప బొత్తిగా చిన్నది. ఇంత తక్కువతో విస్టా బాగుపడుతుందా అని మాక్ అడిగితే, నిజమే అని అది కూడా తీసి ప్రకటనల కుప్పలో కలిపేస్తాడు. నా క్లయింటు ఒక్క వాక్యంలో చెప్పింది కూడా అదే.

ఇక్కడితో ఆపేస్తే మన ఇంజనీర్లందరికీ హాయిగా ఉంటుంది. చూశారా, సరుకు బాగుంటే ప్రచారం అక్కర్లేదు అని కాలర్ ఎగరేసుకోవచ్చు. నేనూ అక్కడే ఆగుదామనుకున్నాను. కానీ మా బాబాయి గుర్తొచ్చాడు.

2008 ఎండాకాలంలో మా బాబాయి విస్టా ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాడు. ఇంటికి తెచ్చి పెట్టె కూడా విప్పకుండా, తిన్నగా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి తీసుకెళ్ళి ఫార్మాట్ కొట్టించి ఎక్స్‌పీ వేయించాడు. ఎందుకు బాబాయ్ అంటే, "విస్టా అస్సలు బాగోదంట్రా" అన్నాడు. ఆ 'అంట' గమనించారా? ఆయన విస్టాని ఒక్క రోజు కూడా వాడలేదు. అప్పటికి మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చేసింది, డ్రైవర్లు చాలావరకు కుదురుకున్నాయి. సరుకు బాగుపడింది, పేరు బాగుపడలేదు.

మైక్రోసాఫ్ట్‌కి ఈ సంగతి తెలుసు. ఆ జూలైలోనే 'మొహావీ ప్రయోగం' అని ఒకటి చేసింది. విస్టా అంటే మొహం చిట్లించే వాళ్ళని కూర్చోబెట్టి, ఇది రాబోయే కొత్త విండోస్, పేరు మొహావీ అని చూపించారు. బ్రహ్మాండం అన్నారు వాళ్ళు. అది విస్టానే అని తర్వాత చెప్పారు. మంచి మెషీన్ మీద, కంపెనీ మనిషే పక్కనుండి నడిపి చూపిస్తే ఎవరికైనా నచ్చుతుంది కదా అని విమర్శలొచ్చాయి, ఆ విమర్శ న్యాయమే. కానీ మా బాబాయిని చూసినవాణ్ణి, ఆ ప్రయోగాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను.

2009 అక్టోబర్ 22న విండోస్ 7 వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు, మా బాబాయి కూడా. ఆ మెషీన్లో కమాండ్ ప్రాంప్టు తెరిచి 'వెర్' అని కొడితే వచ్చే నంబరు 7 కాదు, 6.1. విస్టా నంబరు 6.0. అంటే అదే పునాది, అదే డ్రైవర్ల పద్ధతి. వేగం పెంచారు, అనుమతుల సతాయింపు తగ్గించారు, పేరు మార్చారు. ఏ పునాదిని జనం ఛీ కొట్టారో దాన్నే రెండేళ్ళు నునుపు చేసి ఇస్తే నెత్తిన పెట్టుకున్నారు. ఈసారి యాడ్లలో 'ఇది నా ఐడియానే' అని మామూలు వాడకందార్లే చెప్పుకున్నారు. మీరు చెప్పింది విన్నాం అన్నమాట ముందు వచ్చింది, నవ్వు తర్వాత వచ్చింది.

ఏతావాతా నాకు అర్థమైంది ఇది. 2008లో జనం తిట్టింది సైన్‌ఫెల్డ్‌నీ కాదు, గేట్స్‌నీ కాదు. ఏడాదిన్నరగా వాళ్ళు ఒక ప్రశ్న అడుగుతున్నారు.. మా మెషీన్ ఎందుకిలా ఉంది అని. దానికి జవాబు చెప్పకుండా మాట మార్చినందుకు తిట్టారు. అలాగని జవాబు కోడ్‌లో రాసేసి ఊరుకుంటే సరిపోదు, మనిషికి వినపడేలా చెప్పాలి కూడా.

ఆ మర్నాడు క్లయింటుకి ఇంకో మెయిల్ రాశాను. బొమ్మల్లేవు. బాగుచేసినవి ఇవి, చేయనివి ఇవి, ఫలానా రిపోర్టు ఎందుకు ఆగిపోతోందో కారణం ఇది, తప్పు మాదే అని. 'అలాగే, థాంక్స్' అని జవాబొచ్చింది. మా వాళ్ళ దగ్గర థాంక్స్ అంటే పద్మశ్రీ కింద లెక్క :)

ఇప్పుడు వచ్చే వారం రిలీజుంది. లెక్క ప్రకారం అది 4.2. ఆ 4 అంకె చూస్తేనే వాళ్ళకి ఒళ్ళు మంట కాబట్టి 5.0 అని పెడదాం అంటున్నాడు మా లీడ్. అది మోసం కదన్నా అన్నాను. "విండోస్ 7 మోసమా?" అని అడిగాడు. ఇప్పటిదాకా నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.